నాలుగో తొట్టి లెక్క

మా మనవరాలు నిస్సీ కష్టపడి సాధించిన మొదటి గెలుపు ఒక కణుజు ఫోటో.

కణుజు అంటే దుప్పి జాతిలో అన్నిటికన్నా పెద్దది. ఎదిగిన మగది ఎద్దంత ఉంటుంది. దాని కోసం పిల్ల అడవిలో ఒక చెట్టుకు కెమెరా పెట్టె కట్టింది. ఎదురుగా ఏదన్నా కదిలితే దానంతట అదే ఫోటో తీసుకునే పెట్టె అది. కట్టింది జనవరి ఇరవై ఆరున. ఇరవై మూడు రోజుల పాటు తెరిచి చూసినప్పుడల్లా గాలికి ఊగిన కొమ్మలు, ఒక ముంగిస, రెండుసార్లు తన మోకాళ్ళే. ఇరవై నాలుగో రోజు, ఫిబ్రవరి పద్దెనిమిదిన, తెల్లారి ఐదూ నలభైకి ఒక ఆడ కణుజు, పక్కన దాని పిల్ల, నాలుగో తొట్టిలో మూతులు పెట్టి నీళ్ళు తాగుతూ పడ్డాయి. ఆ ఫోటో పదకొండు గంటలకు నా ఫోనుకు వచ్చింది. సాయంత్రానికి మా పల్లెలో దాన్ని చూడనివాళ్ళు లేరు. బస్సు దిగినవాళ్ళకు కూడా ఆపి చూపించాను.

"ఎచ్చులు సాలించి గడ్డి కోసకరాపో," అంది మా ఆవిడ గురవమ్మ. "ఫోటో తీసింది ఆ బిడ్డ. నీళ్ళు తాగింది ఆ జంతువు. నడాన నువ్వేం జేసినావని?"

"అడుగులు సూసేది నేర్పించింది ఎవురు?" అన్నాను.

అది నిజం. నా పేరు ఓబయ్య. రేణిగుంట దాటి కడప రోడ్డులో పోతే కొండ కిందనే మా రేగులకుంట. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ మీద నన్ను చదివించింది మేకలే. మా చర్చికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఒక పుస్తకం వేస్తున్నారు. ఊళ్ళో పైకొచ్చిన పిల్లల గురించి పెద్దవాళ్ళు తలా ఒకటి రాయాలన్నారు. ఇంజనీర్ల గురించి, నర్సుల గురించి రాసేవాళ్ళు ఉన్నారు. నేను నిస్సీ గురించి రాస్తున్నాను.

నిస్సీ మా అబ్బాయి ఏబెల్ పెద్ద కూతురు. నాలుగేళ్ళప్పటి నుంచి నా వెంట మేకల్లో తిరిగింది. ఏడేళ్ళకు మట్టిలో గిట్ట గుర్తు చూసి అది మా మేకో పక్కింటి మేకో చెప్పేది. పదో తరగతిలో మండలానికి రెండోది. మా పల్లె నుంచి తిరుపతి పోయి జంతుశాస్త్రం చదివిన మొదటి మనిషి, ఆడా మగా కలిపి. డిగ్రీ చివర్లో ప్రతి ఒక్కరూ కొన్ని నెలలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌గా పని చెయ్యాలట. దాని తోటివాళ్ళు ఆఫీసులు, ల్యాబులు ఎంచుకున్నారు. ఇది అడవి ఎంచుకుంది. జనవరి పంతొమ్మిదిన ఆరుగురు చేరారు. నెత్తురు తాగే పిడుదులకు, ఎండకు తాళలేక ఇద్దరు పది రోజుల్లో ఇంటికి పోయారు. మిగిలిన నలుగురిలో పెంటిక చూసి ఏ జంతువుదో, ఎన్నాళ్ళదో చెప్పగలిగింది నిస్సీ ఒక్కతే. రోజుకు పదకొండు కిలోమీటర్లు నడుస్తుంది. ట్యాంకరు పైపు ఊడిపోతే తీగ చుట్టి బిగిస్తుంది. ఒక్కటే లోపం, అది కూర్చోదు. అన్నం నిలబడి తింటుంది. మాట్లాడుతూ నడుస్తుంది. దాన్ని చూస్తే మనకు కూడా ఎక్కడికో పోవాలనిపిస్తుంది.

ఇక నాలుగో తొట్టి సంగతి. మా ఊరి వైపు కొండలో ఆరు కిలోమీటర్ల మేర ఎండాకాలం చుక్క నీళ్ళుండవు. మార్చి దాటితే దుప్పులు, కణుజులు పల్లెల మీదికి దిగుతాయి. కుక్కలు తరుముతాయి, లేదంటే కడప రోడ్డులో లారీల కింద పడతాయి. పోయిన ఏడాది మా బోరు మోటరు దగ్గర ఒక దుప్పిని కుక్కలు పట్టాయి. నిస్సీ కట్టె తీసుకుని వాటిని తరిమింది కానీ అది బతకలేదు. అడవిలో చేరిన వారానికే రేంజి ఆఫీసరు పవిత్ర మేడం దగ్గరికి పోయి, ఆ వైపు పాత తొట్టి ఒకటి పూడిపోయి ఉందనీ, దాన్ని బాగుచేసి నీళ్ళు పొయ్యాలనీ అడిగింది. తొట్టి అంటే నేలలో పళ్ళెం మాదిరి సిమెంటుతో కట్టిన గుంట. దానికి కాగితాల్లో నాలుగో నంబరు.

మేడం ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఉన్న ట్యాంకరు ఒక్కటి. నీళ్ళు పోసిన చోటికి జంతువులు వస్తున్నాయని లెక్క చూపించాలి. ఏప్రిల్‌లో రోజుకు సగటున పది రావాలి. రాకపోతే ఆ నీళ్ళు వేరే తొట్టికి పోతాయి.

నలుగురు పిల్లలూ కలిసి పూడిక తీశారు. పగుళ్ళకు సిమెంటు పూసింది నిస్సీ. తొట్టి చుట్టూ మూడడుగుల వెడల్పున ఇసుక పరిచింది. సాయంత్రం చీపురుతో ఆ ఇసుక చదును చెయ్యడం, పొద్దున్నే వచ్చి దాని మీద పడిన అడుగులు చదవడం, కెమెరా ఫోటోలతో సరిచూసి కాగితం మీద ఎక్కించడం. అదీ దాని పని.

ఏప్రిల్ ఐదున ఈస్టరుకు ఇంటికి వచ్చింది. గిన్నె చేతిలో పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ తింటోంది.

"కూచోని తినవే. కాళ్ళకు సక్రాలేమన్నా కట్టినారా?" అంది గురవమ్మ.

"కూచుంటే కాళ్ళు జివజివమంటాయవ్వా."

"తొట్టి కాడికి ఎన్నొచ్చినాయి పాపా?" అన్నాను.

"మొన్న రెండు. నిన్న మూడు. దాంట్లో ఒకటి నెమిలి."

"నెమిల్ని గూడా లెక్కలో ఏసుకోరాదా?"

"ఏసుకున్యా తాతా. ఏసుకుంటేనే మూడు."

ఏబెల్ రేణిగుంటలో గోడౌన్‌లో పనిచేస్తాడు. దాని పక్కనే ఉన్న ఫోన్ల ఫ్యాక్టరీలో పిల్ల చేరాలని వాడి కోరిక. "ఆడ ఏసీలో కూచోబెట్టి పనిస్తామంటా ఉండారు," అన్నాడు. "ఈమేమో ఎండలో పెంటికలు లెక్కబెడతా ఉండాది."

"పెంటికలు సోమవారం నాయనా. మిగతా దినాలు అడుగులు," అంది నిస్సీ. నవ్వలేదు. గిన్నె కింద పెట్టేసింది. "నెలాఖరుకు పది రాకపోతే నీళ్ళు ఆపేస్తారు తాతా. మేడం తప్పేం లేదు. ఉండేది ఒక ట్యాంకరే."

"అడివి జంతువు కొత్త నీళ్ళను నమ్మేదానికి ఒక ఎండాకాలం పడతాది పాపా."

"ఒక ఎండాకాలం నాకు ఎవురిస్తారు? ఇరవై అయిదు దినాలుండాయి."

సాయంత్రం ఐదు గంటల బస్సుకు పోయింది. దాని తిరుగుడు మాత్రం నాకు అంటించి పోయింది. మంచం మీద కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కొండ వైపు చూడాలనిపిస్తుంది. గడ్డికి పోయి కొడవలి అక్కడే మరిచి వచ్చాను.

మేకల వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కొండ మీద మేకలు చెదిరిపోతే అరిచి గొంతు పోగొట్టుకోము. నీళ్ళకు దగ్గరగా చదునైన బండ ఒకటి చూసుకుని దాని మీద ఉప్పు చల్లుతాము. కల్లుప్పు దంచి, అందులో కాస్త పొయ్యి బూడిద కలుపుతాము. ఒక మేక నాకితే చాలు, మిగతావన్నీ వచ్చేస్తాయి. నాకినాక దప్పిక, దప్పికయితే నీళ్ళు. అట్లా మంద ఒకచోట చేరుతుంది. మా ఇంట్లో అయితే ఎండిన వేపాకు పొడి కూడా కలుపుతాము, కడుపులో పురుగులకు మంచిదని. ఇది మా నాయన మొదలుపెట్టింది. ఊళ్ళో ఇంకెవరూ కలపరు.

ఏప్రిల్ ఏడో తేదీ, మంగళవారం, తెల్లవారగానే ఐదు కిలోల ఉప్పు తువ్వాలులో మూట కట్టుకుని పాత మేకల దారిన కొండెక్కాను. మోకాళ్ళు వద్దంటున్నా ఎక్కాను. తొట్టికి ఇరవై అడుగుల దూరంలో, కెమెరా చెట్టు వెనకాల, ఒక బండ ఉంది. పెట్టె కంట పడకుండా వెనక నుంచే పోయి చల్లి వచ్చాను. పద్నాలుగున మళ్ళీ పోయాను. ఇరవై రెండున మూడోసారి. అనుమతి లేకుండా అడవిలోకి పోకూడదని నాకు తెలుసు. తప్పని తోచలేదని రాస్తే అది అబద్ధం. తోచింది. కానీ పిల్ల గిన్నె కింద పెట్టిన తీరు కళ్ళలో ఆడుతుంటే ఇంట్లో నిలవలేకపోయాను.

అడవిలో ఫోను అందేది ఒకే గుట్ట మీద. నిస్సీ అక్కడికెక్కి రెండు రోజులకొకసారి మాట్లాడేది. ఏప్రిల్ పదిహేనున తొమ్మిది అంది. పద్దెనిమిదిన పద్నాలుగు. ఇరవై నాలుగున ఫోను ఎత్తగానే అరుపు.

"తాతా! ఇరవై ఆరు! నెమిలి లేకండానే!"

నెల సగటు పది దాటింది. పవిత్ర మేడం దాన్ని పిలిచి, మే ఆరున తిరుపతిలో పెద్ద ఆఫీసర్ల ముందు నాలుగో తొట్టి గురించి మాట్లాడమంది. అంతేకాదు, పలమనేరు వైపు కౌండిన్య అడవిలో ఏనుగుల జాడ చూసే పని, ఒక ఏడాది పని, జూన్ ఒకటిన మొదలయ్యేది, దానికి నలుగురిలోనూ దీని పేరే రాసింది. ఆదివారం చర్చిలో ప్రకటనల వేళ నేను లేచి ఈ రెండు సంగతులూ చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. గురవమ్మ కూడా కొట్టింది. నేను కూర్చున్నాక కాలు దానంతట అదే ఆడుతూనే ఉంది.

మే మూడు, ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి నిస్సీ మా అరుగు మీద కూర్చుని ఉంది. కూర్చుని ఉంది, అదే నాకు భయం పుట్టించింది. సంచిలోంచి కాగితం పొట్లం ఒకటి తీసి నా ముందు విప్పింది. బూడిద రంగు పొడి.

"నోట్లో ఏసుకోని సూడు తాతా."

"ఏంది పాపా ఇది?"

"ఏసుకోని సెప్పు."

చిటికెడు వేసుకున్నాను. "ఉప్పు," అన్నాను.

"తర్వాత?"

ఏదో పంచుతున్నారనుకుని గురవమ్మ చెయ్యి చాచి తనూ చిటికెడు నాలుక మీద వేసుకుంది. "యాపాకు గదా," అంది. "మనింటిదే. మేకలకు సేసింది నువ్వెందుకు పొట్లం గట్టినావే?"

నిస్సీ నా ముఖమే చూస్తోంది. "ఈ పొద్దు ఇసకలో అడుగులు సూస్తా ఉంటే అన్నీ ఒక తట్టు నుంచే వస్తా ఉండాయి. నీళ్ళకొచ్చే జంతువు నాలుగు దిక్కుల నుంచి వస్తాది. నువ్వే సెప్పినావు. ఇవన్నీ బండ తట్టు నుంచి. పోయి బండ మీద ఏలు పెట్టి నాకినాను. ముందు ఉప్పు, ఎనక సేదు."

"నీ కోసరమే గదా పాపా. ఏడో తారీకు నుంచి మూడు తూర్లే సల్లినా."

"నా కోసరమే. తెలుసు. ఇంకోటి సూడు." సంచిలోంచి తీగ ఉచ్చు తీసి అరుగు మీద పెట్టింది. బైకు క్లచ్చు వైరుతో వేసిన ముడి. "బండకు ముప్పై అడుగుల్లో, అవి నడిసే దోవలో ఉండింది. నీ ఉప్పు ఇంగెవుడో గూడా సూసినాడు."

ఆ వైరు ముడిని వేళ్ళతో తడిమి చూశాను. జంతువులు ఒకచోట చేరుతున్నాయంటే వేటగాడికి పని సులువు. మేకల వాడికి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి అది. నా పదో ఏట మా ఉప్పు బండ దగ్గరే రెండు మేకలు ఉచ్చులో పడ్డాయి. తెలిసీ చేశాను.

"ఏదన్నా పడిందా?" అన్నాను.

"ఇంగా లేదు."

"అయితే బండ కడిగేద్దాం. ఉచ్చు తీసేసినావు. ఎవురికి తెలస్తాది? జంతువులొచ్చింది నిజమే గదా. తిరపతిలో మాట్లాడు, పో."

"వచ్చింది ఉప్పుకు. నేను సెప్పబోయేది నీళ్ళకని."

"ఏనుగుల పని పోతాది పాపా."

"పోతాది."

"తొట్టి?"

ఆ మాటకు అది లేచింది. వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు తిరిగింది. "అదొకటే నాకు భయం," అంది. "నా లెక్క కొట్టేస్తే కొట్టేయనీ. నీళ్ళు ఆపేస్తే ఈ మే నెలలో అవి యాడికి పోతాయి? నమ్మి వస్తా ఉండాయి తాతా. నేనే అలవాటు సేసినాను." నా ముందుకొచ్చి ఆగింది. "రేప్పొద్దున ఆఫీసుకు పోతా ఉండా. నువ్వొస్తావా, రావా?"

"వస్తాడు," అంది గురవమ్మ లోపలి నుంచి. "రాకపోతే నేనే ఈడ్సుకోనొస్తా."

సోమవారం తొమ్మిదికి రేంజి ఆఫీసుకు చేరాము. నేను బల్ల మీద కూర్చున్నాను. మేడం మీటింగులో ఉంది. నిస్సీ వరండాలో నడుస్తూనే ఉంది. మా వైపు అడవి చూసుకునే బీట్ ఆఫీసరు మునిశేఖర్ నన్ను చూసి ఆగాడు. గతంలో నా మేకల్ని రెండుసార్లు తోలుకుపోయినవాడు ఇతనే.

"ఏం పెద్దాయనా, ఈ తూరి మేకల్లేకండానే వచ్చినావే!"

"ఈ తూరి మేక నేనేలేప్పా," అన్నాను.

పదకొండున్నరకు పిలిచారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నిస్సీ లోపలికి పోయి పొట్లం, ఉచ్చు, లెక్క కాగితాలు బల్ల మీద పెట్టింది. "మేడం, ఏప్రిల్ ఏడు నుంచి నా లెక్క చెల్లదు," అంది. ఎందుకు చెల్లదో అంతా చెప్పింది, ఎవరు చల్లారో తప్ప.

మేడం ఉచ్చును చాలాసేపు చూసింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?" అంది.

"తెలిసేది కాదు మేడం."

"ఉప్పు పెట్టింది ఎవరు?"

నిస్సీ నేల చూసింది. నేను లోపలికి అడుగుపెట్టాను. "నేను మేడం. ఈ పిల్ల తాతని. దీనికి ఏమీ తెలీదు."

"ఏం జరిగిందో రాసివ్వాలి పెద్దాయనా. రాయడం వచ్చా?"

"ఐదో తరగతి మేడం. బడిలో నేనే ఫస్టు."

మునిశేఖర్ కాగితం, పెన్ను ఇచ్చాడు. రాశాను: 'రేగులకుంట కాపురస్తుడు ఓబయ్య అను నేను ఏప్రిల్ నెల ఏడు, పద్నాలుగు, ఇరవై రెండు తేదీలలో అనుమతి లేకుండా అడవిలో ప్రవేశించి నాలుగో తొట్టి దగ్గర బండ మీద ఉప్పు చల్లితిని. నా మనవరాలికి తెలియదు. మంచి జరుగునని చేసితిని. చెడ్డ జరిగినది.' కింద సంతకం పెట్టాను. మేడం రెండుసార్లు చదివింది. "మా స్టాఫులో సగం మందికి ఈ చేతిరాత లేదు," అంది. అది మెచ్చుకోలో చీవాట్లో తెలియలేదు. ఆ వెంటనే, ఇంకోసారి కొండలో కనిపిస్తే కేసు రాస్తానని కూడా అంది. అది మాత్రం స్పష్టంగా తెలిసింది.

తర్వాత నిస్సీ వైపు తిరిగి లెక్క కాగితాలు ముందుకు జరిపింది. ఏప్రిల్ ఏడు నుంచి నెలాఖరు దాకా, అక్కడి నుంచి మే మూడు దాకా, పిల్ల తన చేత్తోనే స్కేలు పెట్టి ఎర్ర గీతలు గీసింది. నేనే చూడలేక గోడ మీది మ్యాపు చూశాను.

"ఎల్లుండి నువ్వు మాట్లాడేది లేదు," అంది మేడం. "ఏనుగుల పనికి రవిచంద్ర పేరు రాస్తాను." రవిచంద్ర మిగిలిన నలుగురిలో ఒకడు. మంచి పిల్లవాడే.

"సరే మేడం. తొట్టి?"

"లెక్క లేకుండా ట్యాంకరు ఎలా పంపను?"

"మళ్ళీ తీస్తాను. నా ఇంటర్న్‌షిప్ పదహారుతో అయిపోతుంది. ఆ పైన నా సొంత రోజులు మేడం. ముప్పై రోజులు ఇవ్వండి."

"నడుమ వాన పడితే? గుంటల్లో నీళ్ళు నిలిస్తే నీ తొట్టి దగ్గరికి ఏవీ రావు."

"తెలుసు మేడం."

మేడం కుర్చీలో వెనక్కి వాలింది. బయట ట్యాంకరు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. "జూన్ పదమూడు దాకా నీళ్ళు పంపుతాను," అంది. "అదే పది సగటు. ఒక్కటి తగ్గినా ఆపేస్తాను. ఈసారి కెమెరాలు రెండు పెట్టు. ఒకటి బండ వైపు."

ఆ మాట నా కోసమని అందరికీ అర్థమైంది. మునిశేఖర్ నవ్వు ఆపుకోవడానికి బయటికి పోయాడు.

ఇప్పుడు ఇది రాసే రోజు మే ఇరవై తొమ్మిది. ఆఫీసు నుంచి వచ్చిన మర్నాడే నిస్సీ, మునిశేఖర్ కలిసి రెండు రోజులు ఆ బండను కొబ్బరి పీచుతో రుద్ది కడిగారు. చుట్టుపక్కల వెతికితే ఇంకో రెండు ఉచ్చులు దొరికాయి. వాటిలో కూడా ఏమీ పడలేదు. అందుకు దేవునికి వందనాలు. జంతువులు ఉప్పు మరిచిపోవడానికి కొన్నాళ్ళు వదిలేసి, మే పదిహేను నుంచి కొత్త లెక్క మొదలుపెట్టింది. మొదటి వారం నాలుగు, ఆరు, మూడు. ఉప్పు లేదని తెలిసి కొన్ని రావడం మానేశాయి. రెండో వారం ఎనిమిది, తొమ్మిది, ఒకరోజు పదకొండు. పద్నాలుగు రోజులకు సగటు ఏడు. మిగిలిన పదహారు రోజులూ పదమూడుకు తగ్గకూడదని నిన్న ఫోనులో చెప్పింది.

"ఇప్పుడు నాలుగు దిక్కుల నుంచీ వస్తా ఉండాయి తాతా," అంది. ఎండకు గొంతు బొంగురుపోయింది. "నిన్న ఆ తల్లి కణుజు గూడా వచ్చింది. బండ తట్టు సూడనే లేదు. నేరుగా నీళ్ళకే."

"నువ్వు నీళ్ళు తాగతా ఉండావా?"

"తాగతా ఉండా. సరే, సిగ్నలు పోతా ఉం..." పోయింది.

నేను కొండకు పోలేను. పోయే పని లేక ఇంటికీ రోడ్డుకూ తిరుగుతున్నాను. రెండు రోజులుగా సాయంత్రాలు పడమట మబ్బు వేస్తోంది. మా చెరువు పగుళ్ళిచ్చి ఉంది, మామిడి తోటలు వాడిపోయాయి, ఊరంతా వాన కోసం చూస్తోంది. పోయిన ఆదివారం చర్చిలో వాన కోసం ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నప్పుడు నేను నోరు మూసుకున్నాను. గురవమ్మ మోచేత్తో పొడిచింది.

"ఊరంతా ఎండిపోతా ఉంటే నీకేం మాయరోగం?"

"జూన్ పదమూడు దాంక ఆగితే సాలు," అన్నాను గొణుగుతూ.

"దేవునికి తారీకులు సెప్పేవోడివైనావా!"

మేకలు కాసిన వాడు వాన వద్దనుకోవడం పాపమే. పడాలనీ ఉంది, పడకూడదనీ ఉంది. తలుపు చప్పుడైతే ఉరిమిందేమోనని బయటికి వస్తున్నాను.

ఈ పుస్తకంలో పేజీలు తక్కువ గనుక నిస్సీ సాధించినవి ఇంకొక్కసారి చెప్పి ముగిస్తాను. అడవిలో ఇప్పటికి నాలుగు నెలల పైన నిలిచింది. పూడిపోయిన తొట్టిని లేపి నిలబెట్టింది. మూడు ఉచ్చులు తీయించింది. వట్టి ఇసుకను చూసి దొంగ లెక్కను పట్టుకుంది, అది సొంత తాతదని తెలిసీ పట్టుకుంది. ఏడాది పని చేతికి వచ్చి కూడా, తన కాగితం మీద తానే ఎర్ర గీత గీసింది. దీన్ని ఓటమి అని ఏబెల్ అంటున్నాడు. వాడితో వాదించి వాదించి అలిసిపోయి ఇక్కడ రాస్తున్నాను: ఆ కణుజు ఫోటో కన్నా ఇది పెద్దది.

పదమూడో తేదీ పొద్దున చివరి లెక్క. తొట్టికి నీళ్ళు ఉంటాయో ఉండవో ఆ పూటే తేలుతుంది. ఆ మధ్యాహ్నం కెమెరాలు విప్పి, కాగితాలు మేడం చేతిలో పెట్టి, మర్నాటి మొదటి బస్సుకు బయలుదేరుతానంది. నిస్సీ ఇంటికి వచ్చేది 2026 జూన్ 14, ఆదివారం.